సూర్యుడి పక్కన రెక్కలు, నా తల మీద వెలుగు

పోయిన నెల ఒక మంగళవారం పొద్దున మా వీధి స్టూడియో మాస్టారు చనిపోయారు. నేనప్పుడు గుడివాడలో ఉన్నాను. మూడు రోజుల సువార్త కూటాల్లో రెండో రోజు. బస్టాండు పక్క హోటల్లో ఇడ్లీ ముందు పెట్టుకుని ఆ పూట చెప్పాల్సిన బైబిలు వాక్యం చూసుకుంటుంటే ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. "మాస్టారు పోయారంటండీ. టీ తాగుతా తాగుతా కుర్చీలోనే పక్కకి వాలిపోయారంట" అంది మా ఆవిడ.

ఆ పూట నేను చెప్పాల్సిన అంశం తొమ్మిదో ఆజ్ఞ. పొరుగువాడి మీద అబద్ధ సాక్ష్యం పలకకూడదన్నది. నోట్సు రాసుకున్నాను. గొంతు ఎక్కడ పెంచాలో అక్కడ ఎర్ర గీతలు కూడా గీసుకున్నాను. ఆ కాగితం మడిచి జేబులో పెట్టి, ఇడ్లీ వదిలేసి బందరు బస్సెక్కాను. కూటాలు మధ్యలో వదిలి వెళ్ళిపోతుంటే ఈయనకి ఆ ఫోటోల మనిషంటే ఎంత ప్రేమో అనుకున్నారు నాతో ఉన్న సహోదరులు. ప్రేమ లేదని కాదు. కానీ నన్ను ఆ బస్సెక్కించింది సిగ్గు. అదేంటో మీకు చెప్పాలనే ఇది రాస్తున్నాను.

నన్ను ఎరగని వాళ్ళుంటారు. పగలు చిలకలపూడిలో గిల్టు నగలకు పూత వేసే పని నాది. చదువు ఐదో తరగతి. వాక్యం నాకు ఏ కాలేజీ వాళ్ళూ నేర్పలేదు. పూత తొట్టి పక్కన స్టూలు మీద పెట్టుకుని నేనే చదువుకున్నాను. నా గ్రంథం అంచులకి ఇప్పటికీ ఆ పూత మందు మరకలున్నాయి. గొంతు మాత్రం దేవుడు దండిగా ఇచ్చాడు. మైకు పాడైనా కూటం ఆగదని నాకు పేరు. దివిసీమలో నేను అడుగు పెట్టని పల్లె లేదు.

మాస్టారి స్టూడియో మా ఇంటికి గోడ అవతల. ముందు గది స్టూడియో, వెనక ఇల్లు. ఆయన బడి మాస్టారు కాదు. బందరులో సగం మంది ఫోటోగ్రాఫర్లు ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్ళు కాబట్టి ఊరంతా మాస్టారు అనేది. నాకంటే ఇరవై ఏళ్ళు పెద్ద. ఫోటో తీసేటప్పుడు నవ్వమని ఆయన ఎవర్నీ అడగరు. కెమెరా వెనక నుంచి "ఇవాళ ఇంట్లో ఏం కూరండీ?" అంటారు. కూర్చున్న మనిషి ఒక్క క్షణం ఆలోచిస్తాడు. ఆ క్షణంలో నొక్కేస్తారు. మా వీధిలో గోడలకు వేలాడే ముఖాలన్నీ, పెళ్ళికొడుకులతో సహా, కూర గురించి ఆలోచిస్తున్న ముఖాలే. "నవ్వమంటే అబద్ధమాడతారండీ జనం. కూర సంగతి అడిగితే ఆడరు" అనేవారు.

ప్రింటు మీద దుమ్ము పడిన చోట తెల్ల చుక్క వస్తుంది. సన్నటి బ్రష్షు కొన నాలుకతో తడిపి, రంగు అద్ది, ఆ చుక్క కనపడకుండా చేసేవారు. టచింగ్ అంటారు దాన్ని. అందుకని ఆయన నాలుక చివర ఎప్పుడూ ఒక నల్ల మచ్చ ఉండేది. నెగటివు ఎవరైనా చేతిలోకి తీసుకుంటే ఎంత పెద్దమనిషైనా సరే కేకలేసేవారు. "అంచులు! అంచులు పట్టుకోండి! మీ వేలిముద్ర మళ్ళీ జన్మలో పోదు!" మెత్తటి మనిషి కేకలేసేది ఆ ఒక్క విషయంలోనే.

ఇప్పుడు నా గురించి ఒక మాట. సారా దుకాణాలు తెరిచి ఉన్న రోజుల్లో నేను పూత తొట్టి దగ్గర కంటే ఆ దుకాణం దగ్గరే ఎక్కువ కనపడేవాణ్ణి. కోనేరు సెంటరు దగ్గర కాలవ గట్టున పడి ఉంటే ఎన్నిసార్లు మాస్టారు తన స్కూటరు మీద ఎక్కించుకుని ఇంటికి తెచ్చారో లెక్క లేదు. వెనక కూర్చుని పడిపోతానని తన కండువాతో నన్ను తన నడుముకి కట్టుకునేవారు. "ఒరేయ్, గట్టిగా పట్టుకోరా, ఇంకా రెండు వీధులే" అనేవారు. ఆ కండువా వాసన నాకింకా గుర్తుంది. ఫోటోలు కడిగే మందు వాసన.

అలాంటి నన్ను ప్రభువు పట్టుకున్నాడు. పులిగడ్డ రేవులో నాకు బాప్తిస్మం ఇచ్చారు. మాస్టార్ని బతిమాలి తీసుకెళ్ళాను, ఫోటో తియ్యమని. హిందువు, సాయంత్రం దీపం పెట్టకుండా టీ తాగని మనిషి. అయినా ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి నీళ్ళల్లోకి దిగి తీశారు.

వారం తర్వాత స్టూడియోకి వెళ్తే ఒక ఫోటో చేతికిచ్చారు. గట్టు మీద అందరం నిలబడ్డది. "నీళ్ళల్లోంచి లేచేది తీశారు కదా, అదేదండీ?" అన్నాను. "అది చెడిందిరా. ఇది తీసుకో, ఇది బాగా వచ్చింది" అన్నారు. కానీ అది బల్ల అద్దం కింద నాకు కనపడుతూనే ఉంది. లాక్కున్నాను. చూస్తే ఏముంది! నేను నీళ్ళల్లోంచి లేస్తున్నాను, కళ్ళు మూసుకుని, చేతులు జోడించి. ఆకాశం మూల నుంచి ఒక బంగారు వెలుగు దిగి సరిగ్గా నా తల మీద ఆగింది.

"కెమెరా వెనక మూత సరిగ్గా పట్టట్లేదు. సందులోంచి వెలుగు చొరబడింది. రిపేరుకివ్వాలి" అన్నారు మాస్టారు.

ఆయన ఆ మాట అనలేదని నేను మీకు రాయగలను. ఆ గదిలో మేమిద్దరమే ఉన్నాం. ఆయన ఇప్పుడు లేరు. కానీ అన్నారు. నేను విన్నాను. విని, ఆ ఫోటో గుండెకి హత్తుకుని అక్కడే నేల మీద కూలబడి ఏడ్చాను. ఆయన నా ముఖం వంక చాలాసేపు చూశారు. ఆ మూత మాట మళ్ళీ ఎత్తలేదు. ఒక కవరు తీసి ఆ ఫోటో అందులో పెట్టి, "తీసుకోండి బ్రదరు గారూ" అన్నారు. ఒరేయ్ అనే మనిషి నన్ను గారూ అన్నది అదే మొదలు. నా బతుకులో నా వెనక గారు చేర్చిన మొదటి మనిషి ఆయనే.

ఆ రోజు నుంచి నేను సారా ముట్టలేదు. ఆ ఫోటోకి అట్ట వేయించి గ్రంథంలో పెట్టుకున్నాను. ఎక్కడ నా సాక్ష్యం, అంటే నేను మారిన కథ, చెప్పినా చివర్లో దాన్ని పైకెత్తి పట్టుకునేవాణ్ణి. జనం మెడలు చాచి చూసేవాళ్ళు. కొంతమంది ఏడ్చేవాళ్ళు. నేనూ ఏడ్చేవాణ్ణి. మొదట్లో నిజంగానే ఏడ్చాను. తర్వాత తర్వాత ఎక్కడ ఏడవాలో తెలిసి ఏడ్చాను.

ఇలా కొన్నేళ్ళు గడిచాయి. ఊళ్ళల్లోకి ఇంటర్నెట్ సెంటర్లు కొత్తగా వస్తున్నాయి. గుడివాడలో అలాంటి సెంటరు నడిపే సహోదరుడొకడు ఒకరోజు రంగు కాగితాలు పట్టుకుని మా ఇంటికి పరిగెత్తుకొచ్చాడు. ఆకాశంలోకి పంపిన ఒక కెమెరా ఆగకుండా సూర్యుణ్ణి ఫోటోలు తీస్తుందట. వెలుగుకి కెమెరా కన్ను చెదరకుండా మధ్యలో ఒక గుండ్రటి బిళ్ళ అడ్డం పెడతారట. ఆ బిళ్ళ చుట్టూ సెగ జుట్టులా లేచి ఉంది. ఆ సెగ పక్కన ఒక తెల్లటి గుండు. దానికి అటూ ఇటూ చాచిన రెక్కలు.

"దాచిపెడుతున్నారు బ్రదర్. ఇవాళ పెట్టిన ఫోటో రేపు తీసేస్తున్నారు. ఎందుకు తీసేస్తున్నారు? చెప్పండి!" అన్నాడు.

నాకు వెంటనే వాక్యం తట్టింది. బైబిలు చివరి పుస్తకంలో సూర్యుడిలో నిలబడి కేక వేసే దూత ఉన్నాడు. ఆ అధ్యాయం నాకు కంఠతా వచ్చు. ఇంకేం కావాలి? దివిసీమ కూటాలు దగ్గర పడుతున్నాయి. వీటిని పెద్ద బోర్డు చేయించి స్టేజీ మీద నిలబెడితే! ఆ ఆరు కాగితాలూ పట్టుకుని ఇద్దరం గోడ చుట్టూ తిరిగి స్టూడియోకి వెళ్ళాం.

మాస్టారు భూతద్దం పెట్టి ఒక్కొక్కటీ చూశారు. ఆరింటినీ బల్ల మీద వరసగా పేర్చారు. స్కేలు తెచ్చి రెక్కల కింద ఆనించారు.

"అన్నీ అడ్డంగానే ఉన్నాయండీ" అన్నారు.

"రెక్కలు అడ్డంగా కాక నిలువుగా ఉంటాయా మాస్టారూ?" అన్నాడు గుడివాడ సహోదరుడు.

"అది కాదు బాబూ. కాకి కూడా తిరిగేటప్పుడు ఒక పక్కకి వాలుతుంది. వీళ్ళు ఆరుగురూ స్కేలు పెట్టి గీసినట్టున్నారు. ఒక్కడైనా వాలలేదేం?"

"దూతల్ని కాకులతో పోలుస్తారా!" అన్నాను నేను.

"కాకి మీద కోపమెందుకండీ, అది కూడా ఆయన చేసిందే కదా" అని నవ్వి, మళ్ళీ కాగితం మీదకి వంగారు. "ఈ కొత్త కెమెరాల్లో ఫిల్ము ఉండదంట. గళ్ళు గళ్ళుగా ఉంటుందని ఎక్కడో చదివాను. మన వరి మడులనుకోండి. ఒక మడిలోకి మరీ ఎక్కువ నీళ్ళు వదిలారు. ఏమవుతుంది? గట్టు ఎటు పల్లంగా ఉంటే అటు పక్క మడిలోకి పొర్లుతుంది. ఇదీ అంతే. ఏదో చుక్కో గ్రహమో, బాగా వెలుగున్నది. గడి నిండి పక్కకి కారింది. అది రెక్క కాదండీ. కారిన వెలుగు."

"మరి ఇదో? దీనికి రెక్కల్లేవు, తోక ఉంది" అని సంచిలోంచి ఏడో కాగితం తీసి తోశాడు గుడివాడ అతను.

"దీని ముందు తీసిన ఫోటో ఏది బాబూ? తర్వాత తీసింది ఏది?"

"అవి లేవు. ఇదొక్కటే పెట్టారు."

"అలాగైతే నేనేం చెప్పలేను. మీరూ ఏం చెప్పకూడదు" అన్నారు మాస్టారు. భూతద్దం పక్కన పెట్టారు. "ఒక్క ఫోటో సాక్ష్యం కాదండీ. ముందుదీ వెనకదీ తెండి. నిజంగా ఎగిరేదైతే ముందు దాంట్లో వస్తూ ఉండాలి, వెనక దాంట్లో వెళ్తూ ఉండాలి. దుమ్మైతే ఒక్క దాంట్లోనే ఉంటుంది. కెమెరా తప్పైతే..." అని ఆగారు. నా వంక చూడలేదు. బల్ల అద్దం తుడుస్తూ అన్నారు. "కెమెరా తప్పైతే అన్నిట్లోనూ ఒకే చోట ఉంటుంది."

నాకు గుండెలో ఏదో గుచ్చుకుంది. గుచ్చుకున్న వాడు రెండు పనుల్లో ఏదో ఒకటి చేస్తాడు, లొంగుతాడు, లేదంటే లేచి అరుస్తాడు. నేను అరిచాను. "విశ్వాసం లేని కంటికి దుమ్మే కనపడుతుంది మాస్టారూ!" అన్నాను.

"దుమ్ము కనపడితేనే నాకు అన్నం బ్రదరు గారూ" అన్నారు. "సరే, బోర్డు చేసిస్తాను. ఒక్క చుక్క కూడా టచింగ్ చెయ్యను. ఉన్నది ఉన్నట్టు ఇస్తాను. కానీ ఒక మాట వినండి. దివిసీమకి తీసుకెళ్ళకండి. ఉప్పెన చూసిన మనుషులు. వాళ్ళకి ఆకాశం చూపించి భయం చెప్పకండి."

తీసుకెళ్ళాను.

మొదటి రోజే హంసలదీవి వైపు పల్లెల నుంచి వచ్చిన ఒక ముసలమ్మ బోర్డు ముందు నిలబడి కదల్లేదు. ఉప్పెనలో ఆమె ఇంట్లో ఒక్క కొడుకు తప్ప ఎవరూ మిగల్లేదు. "మళ్ళీ వస్తదా అయ్యా?" అంది. వాక్యం తెలిసినవాడు ఆమెకి ఏం చెప్పాలి? భయపడకమ్మా అని చెప్పాలి. ఆ మాట గ్రంథంలో ఎన్ని చోట్ల ఉందో నేను లెక్కపెట్టి ప్రసంగించినవాణ్ణి. కానీ నేను, "సిద్ధంగా ఉండమ్మా" అన్నాను. ఆమె వెళ్ళి ఆ ఒక్క కొడుకునీ వేటకి పోనివ్వకుండా పడవ తాడు చేతికి చుట్టుకుని గడపలో కూర్చుందట. రెండు రోజులు వదల్లేదట. మా కూటాల ఫోటోలు తియ్యడానికి నేనే పిలిపించిన మాస్టారికి ఆ సంగతి టీ బడ్డీ దగ్గర తెలిసింది.

మూడో రోజు సాయంత్రం నాలుగు గంటల కూటం. కోడూరు రోడ్డు పక్కన షామియానా. నేను అలవాటు ప్రకారం సవాలు విసిరాను. "ఇవి నిజం కాదనే మొనగాడెవరైనా ఉంటే స్టేజీ ఎక్కండి!" ఎవరూ ఎక్కరని తెలిసి విసిరే సవాలది. మాస్టారు కెమెరా మెడలోంచి తీసి గుడివాడ సహోదరుడి చేతిలో పెట్టి, చెప్పులు కింద విడిచి, మెట్లెక్కారు.

జనంలోకి చూసి చేతులు జోడించారు. కాకి సంగతి చెప్పారు, మడి సంగతి చెప్పారు. మడి అనగానే రైతులు కొందరు తలలూపారు. "ఉప్పెనకీ వీటికీ సంబంధం లేదమ్మా. మీ వాళ్ళని పనికి పోనివ్వండి" అన్నారు. జనం ఆయన వైపు తిరుగుతున్నారని నాకు తెలిసిపోయింది. మైకు లాక్కున్నాను.

"మాస్టారూ, మీరు ఫోటోల్లో మచ్చలు తీసేస్తారా?"

"తీస్తానండీ. అది నా పని."

"ముసలివాళ్ళకి ముడతలు తీసేస్తారా?"

"అడిగితే కొంచెం తగ్గిస్తానండీ."

"పెళ్ళిచూపుల ఫోటోలో నల్లపిల్లని తెల్లగా చేస్తారా?"

"చేశానండీ. చెయ్యకూడదు. చేశాను."

"విన్నారా సహోదరులారా! ఉన్నది లేనట్టు, లేనిది ఉన్నట్టు చూపించడం ఈయన వృత్తి! నాలుక చాపండి మాస్టారూ, జనం చూస్తారు! ఆ నల్ల మచ్చ దేనిది? ఈ నాలుకతోనా మీరు దేవుడి పనికి టచింగ్ వేసేది?"

షామియానా అదిరేలా నవ్వారు. ఆయన నాలుక చాపలేదు. నోరు మూసుకుని నిలబడ్డారు, తప్పు చేసిన మనిషిలా. అక్కడితో ఆపి ఉంటే ఈ రోజు నా సిగ్గు సగమే ఉండేది. నేను గ్రంథంలోంచి నా ఫోటో తీసి ఆయన ముఖం ముందు పెట్టాను.

"ఇది మీరే తీశారు. నా తల మీద ఈ వెలుగు చూడండి. ఇది కూడా కెమెరా తప్పేనా? జనం ముందు చెప్పండి!"

ఎందుకడిగానో ఇప్పటికీ నాకు తెలీదు. ఆయన ఒక్క మాట అంటే చాలు. నా సాక్ష్యం, నా పేరు, నా కూటాలు, అన్నీ ఆ స్టేజీ మీదే కూలిపోయేవి. ఆయన కళ్ళజోడు తీసి చొక్కా కొసతో తుడుచుకున్నారు. మళ్ళీ పెట్టుకున్నారు. ఫోటో అంచులు పట్టుకుని చూశారు. అప్పుడు కూడా అంచులే పట్టుకున్నారు.

"ఆ రోజు ఎండ బాగా ఉందండీ" అన్నారు మైకులో.

ఫోటో నా చేతికిచ్చి, మెట్లు దిగి, చెప్పులు వేసుకున్నారు. జనం స్తోత్రం అని కేకలేశారు. నేను అందరికంటే గట్టిగా వేశాను.

ఆ తర్వాత దివిసీమ వైపు పెళ్ళి ఫోటోలకి ఆయన్ని పిలవడం తగ్గించేశారు. బందరు సంతలో ఆయన కూరలు బేరమాడుతుంటే కుర్రకారు "మాస్టారూ, ఇవాళ సూర్యుడికి టచింగ్ అయిందా?" అని అరిచేవాళ్ళు. "ఇంకా లేదు బాబూ, కాలుతున్నాడు, చల్లారనీ" అని నవ్వేసేవారట. ఇంటికొచ్చాక నవ్వేవారు కాదని వాళ్ళావిడ ఇప్పుడు చెప్పారు. నన్ను మాత్రం ఎప్పటిలాగే గోడ మీంచి పలకరించేవారు. "ఏం కూర బ్రదరు గారూ?"

ఏడాది తిరక్కుండానే గుడివాడ సహోదరుడు మా ఇంటికొచ్చి గొంతు తగ్గించి చెప్పాడు. ముందువీ వెనకవీ దొరికాయట. రెక్కలున్న ఆ గుండు శుక్రగ్రహమట. వరస ఫోటోల్లో రోజూ కొంచెం కొంచెం జరుగుతూ, అవే అడ్డ రెక్కలతో. తోక ఉన్నది ఒక్క ఫోటోలోనే ఉందట. ముందూ లేదు, వెనకా లేదు. "ఏం చేద్దాం బ్రదర్?" అన్నాడు. "ఇప్పుడు కాదంటే జనం తడబడతారు. ఊరుకో" అన్నాను. జనం తడబడతారని కాదు. నేను తడబడతానని. బోర్డు తీసుకెళ్ళి మా పెరట్లో కోళ్ళ గూటికి తలుపుగా పెట్టాను. సూర్యుడు లోపలి వైపుకి ఉండేలా.

కొంతకాలానికి ఒక వేసవిలో శుక్రుడు సూర్యుడికి అడ్డంగా నడిచిన రోజు వచ్చింది. మాస్టారు వీధిలో స్టూలు వేసి, పాత బైనాక్యులరు ఒకటి కట్టి, కింద తెల్ల అట్ట మీద సూర్యుడి బొమ్మ పడేలా చేశారు. వీధి వీధంతా మూగింది. నేను గేటు వెనక నిలబడి ఉంటే చూసి పిలిచారు.

"రండి బ్రదరు గారూ, మీ దూత వచ్చాడు. ఇవాళ రెక్కలు ఇంట్లో పెట్టి వచ్చాడు!"

ఆ మాటలో విషం లేదు. చెప్తున్నాను కదా, నేను వెతికాను, లేదు. వెళ్ళాను. తెల్లటి గుండ్రం మీద ఆవగింజంత నల్ల చుక్క. నా పక్కనే ఆయన వంగి ఉన్నారు, ఫోటోలు కడిగే మందు వాసన వేస్తూ. ఆ క్షణంలో క్షమించండి మాస్టారూ అనొచ్చు. అంత దగ్గరగా ఉన్నాం, గొంతు పెంచక్కర్లేదు కూడా. నాకు గొంతు పెంచడమే వచ్చు. "చిన్నగా ఉందండీ" అని వచ్చేశాను.

అదీ చదువరులారా, ఆయన బతికి ఉండగా నేను ఆయనకి చెప్పుకున్న క్షమాపణ. చిన్నగా ఉంది.

ఆయన పోయాక పదకొండు రోజులూ వాళ్ళింటికి వెళ్తూనే ఉన్నాను. కుర్చీలు వేశాను, నీళ్ళు మోశాను. అడగాల్సింది అడగలేకపోయాను. పన్నెండో రోజు మాస్టారి భార్యని అడిగాను.

"అక్కయ్య గారూ, పులిగడ్డలో నా బాప్తిస్మానికి మాస్టారు ఫోటోలు తీశారు. ఆ నెగటివు ఏమైనా ఉందా?"

ఆమె లేచి లోపలికెళ్ళి ఒక కవరు తెచ్చింది. వెతకలేదు, తెచ్చింది. కవరు మీద ఆయన చేతిరాత. "బ్రదరు గారిది. అడిగితే ఇవ్వాలి."

"అడక్కపోతే?" అన్నాను.

"అడక్కపోతే స్టూడియో ఖాళీ చేసే రోజున పొయ్యిలో పెట్టెయ్యమన్నారు తమ్ముడూ."

"మీకు తెలుసా అక్కయ్యా ఇందులో ఏముందో?"

"కోడూరు నుంచి వచ్చిన రోజు చెప్పారు. 'చెప్పెయ్యాల్సింది కదండీ, అంతమందిలో మిమ్మల్ని అలా అంటుంటే' అన్నాను. 'ఆ వెలుగు చూసుకునే కదా వాడు తాగుడు మానేశాడు, అది నేను లాగేస్తే ఏ కాలవలో తేలతాడో, నేనా ముసలివాణ్ణి, మళ్ళీ స్కూటరు మీద మొయ్యలేను' అన్నారు." ఆమె నవ్వబోయి ఏడ్చింది.

అంచులు పట్టుకుని ఆ ముక్కని కిటికీ వెలుగుకి పెట్టాను. మూడు ఫోటోలున్న ఫిల్ము ముక్క. నెగటివులో అన్నీ తిరగబడి ఉంటాయి. వెలుగు నల్లగా ఉంటుంది. నడిమి దాంట్లో నేను, తల మీద నల్ల గీత. దాని ముందుది, గట్టు మీద పాస్టరు గారి చెప్పులూ గొడుగూ. వాటి మీద నల్ల గీత, అదే మూల నుంచి, అదే చోటికి. వెనకది చూసి గుర్తుపట్టడానికి కాసేపు పట్టింది. ఒక మేక. నేను గట్టు మీద విప్పి పెట్టిన చొక్కా నములుతోంది. ఆ రోజు తడి బట్టలతో ఇంటికెళ్ళింది గుర్తొచ్చింది. మేక తల మీద సరిగ్గా నా తల మీద ఉన్నట్టే మహిమ.

అంత్యదినాన కుడి వైపు రక్షణ పొందే గొర్రెలు, ఎడమ వైపు నరకానికి పోయే మేకలు అని వందసార్లు ప్రసంగించాను. నేను ఎటు వైపో నాకు ఎప్పుడూ అనుమానం రాలేదు.

పోయిన ఆదివారం కోడూరు వెళ్ళాను. ముందు ఆ బోర్డు సంగతి ఒప్పుకున్నాను. తర్వాత నా ఫోటో సంగతి. మాస్టారు ఆ రోజు స్టేజీ మీద ఏం చెప్పగలిగీ చెప్పలేదో చెప్పాను. ఎర్ర గీతలు లేకుండా చెప్పాను. గొంతు లేవలేదు, వెనక ఉన్నవాళ్ళు వినపడట్లేదని అరిచారు. ఇద్దరు పెద్దమనుషులు లేచి వెళ్ళిపోయారు. నెగటివు ముక్క చేతులు మారింది. "మేకకి కూడా బాప్తిస్మం ఇచ్చారేంటండీ?" అన్నాడొకడు. నవ్వారు. నవ్వనీ. "మరి తాగుడు మానింది నిజమేనా?" అన్నాడు ఇంకొకడు. నిజమే అన్నాను. అదొక్కటి నిజం. అది ఏ వెలుగు వల్ల జరిగిందో నేనిప్పుడు కొత్తగా ఆలోచించుకోవాలి. ఒక కండువా మాత్రం మాటిమాటికీ గుర్తొస్తోంది.

అందరూ వెళ్ళాక ఆ హంసలదీవి ముసలమ్మ మిగిలింది. ఇంకా బతికే ఉంది. కొడుకు చెయ్యి పట్టుకుని వచ్చింది.

"అయితే అయి రెక్కలు కావన్నమాట."

"కావమ్మా."

"ఆ ఫోటోలాయనకి చెప్పావా ఈ మాట?"

"పోయారమ్మా. చెప్పలేదు."

ఆమె ముందుకొచ్చి నా చేతిలోంచి నెగటివు తీసుకుంది. ఎండు చేపలు సర్దిన చెయ్యి. బొటనవేలు నడిమి ఫోటో మీద గట్టిగా నొక్కి, పడమటి సూర్యుడి వైపు ఎత్తి పట్టుకుని, ఒక కన్ను మూసి చూసింది. అంచులు, అనబోయి ఆగాను.

ఇప్పుడది నా గ్రంథంలో ఉంది, పాత ఫోటో ఉన్న చోట. వెలుగుకి పెడితే చెప్పులూ గొడుగూ కనపడతాయి, మేక కనపడుతుంది. మధ్యలో నేను కనపడను. నా ముఖం మీద, తల మీది నల్ల గీత మీద ఆమె వేలిముద్ర పరుచుకుని ఉంది, గీతలు గీతలుగా. నేను దాన్ని తుడవలేదు.